ఎర్ర సిరా

లాలాగూడ వర్క్‌షాప్ సైరన్ పొద్దున్నే ఊదితే
మెట్టుగూడ క్వార్టర్లలో గిన్నెలు కూడా నిటారుగా నిలబడేవి.
నాన్న జకరయ్య, టైమ్ ఆఫీసు గుమాస్తా.
చంకలో రిజిస్టరు, జేబులో రెండు పెన్నులు.
ఎర్రది ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం.

ఆదివారం బడిలో టీచరమ్మ
దేవుడు మన తండ్రి అని చెప్పిన రోజే
ఆయనకు ఖాకీ చొక్కా తొడిగేశాను.
పరలోకానికి ఇనుప గేటు పెట్టాను.
ఎన్ని రాత్రులు మోకాళ్ల మీద ఉన్నా
కాగితం మీద నిబ్బు గీరే చప్పుడే వినపడేది.

క్యాలెండర్లో నీలికళ్ల యేసు
గొర్రెపిల్లను ఎత్తుకుని నవ్వేవాడు.
లోపల రిజిస్టరు పెద్దాయన ఉన్నాడు కదా,
ఈయన వాకిట్లో బుజ్జగించే చుట్టం
అనుకునేవాణ్ని.

కొడుకు జ్వరంతో గాంధీ ఆసుపత్రిలో పడుకున్నప్పుడు
ప్రార్థన చేయలేదు.
ఏ పాత ఆలస్యానికో కోత పడిందని
నోరు మూసుకుని ఒప్పుకున్నాను.
వాడు బతికాడు.
దానికీ భయపడ్డాను.

మొన్న వానల్లో
నారాయణగూడ సమాధుల తోటలో నాన్నను మట్టికిచ్చి
చేతులు కడుక్కుంటుంటే
ఖాజా మియా వచ్చాడు,
లేత్ మిషన్‌కు రెండు వేళ్లు ఇచ్చిన మనిషి.
"మీ నాయిన ఎర్ర పెన్నుల సిరా ఏడిది బేటా?
ఎండిపోయి ఏండ్లాయె.
నా బీవీ కాన్పు రోజు గంటన్నర లేటొచ్చిన.
పెన్ను విదిలిచ్చిండు, మల్ల విదిలిచ్చిండు,
పడ్తలేదు ఖాజా, లోపటికి పో, అన్నడు.
నాకొక్కనికే కాదు."

నలభై ఏడేళ్లు
పక్క కంచంలో తిన్న మనిషిని
నేను చూడనే లేదు.
చూడని ఆ మనిషిని కొలబద్ద చేసి
ఎవరూ చూడనివాణ్ని కొలిచాను.

ట్రంకుపెట్టెలో, పాత రైల్వే పాసుల మధ్య
పెన్ను దొరికింది.
ఒక పాసు వెనక గీసి చూశాను.
అదే చప్పుడు, చిన్నప్పటి నుంచీ విన్నదే.
గీత మాత్రం లేదు.

ఆ ఆదివారం చర్చికి ఆలస్యంగా వెళ్లాను, కావాలనే.
చివరి బెంచీ మీద ఎవరో
తడి గొడుగు తీసి చోటిచ్చారు.
అందరూ కళ్లు మూశారు.
ఖాకీ చొక్కా విప్పితే లోపల ముఖమేదీ లేదు.
ఇంకో ముఖం అంటించాలని
చెయ్యి ఎంత దురద పెట్టిందో!
జేబులో పెట్టుకున్నాను దాన్ని.

"త..." అన్నాను.
పూర్తి మాట ఇంకా రాలేదు.
పక్కాయన కొంచెం జరిగి
గొడుగు కింద కారిన నీళ్లను
కాలితో తుడుస్తున్నాడు.