పదకొండో పేజీ

బ్యూట్ ఊరి బడిలో, చిన్నపిల్లల కుర్చీలో
మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు
వెల్డర్ డ్రాగో.
బల్లకవతల ఆరుగురు.
కొడుకు మైలోకి రానివన్నీ చదువుతున్నారు
మెల్లగా, మర్యాదగా.

పెన్ను అందుకోబోతే
పక్కనున్న నోరీన్
(కూతురి కోసం ఇలాంటి బల్లలు పద్నాలుగు చూసిన మనిషి)
సంతకం గీత మీద బొటనవేలు పెట్టింది.
"ఇంటికి పట్టుకెళ్లు. చదువు.
అర్థం కాకపోతే మళ్లీ కూర్చోబెట్టు వీళ్లని.
ఏమీ అనుకోరు.
అనుకున్నా పర్లేదు."

రాత్రి పొయ్యి పక్కన పదకొండో పేజీ.
తల్లిదండ్రుల మాట: నాలుగు గీతలు, ఖాళీ.
కాలిన వేళ్ల మధ్య పెన్ను చాలాసేపు తిప్పి
రాశాడు:

"గూడ్సు చప్పుడు విని
ఎన్ని ఇంజన్లో చెప్తాడు మావాడు.
నేను బయటికెళ్లి లెక్కపెట్టాను. తప్పలేదు.
మీరు కిటికీ మూసి అడిగారు."