చెవినబడి

ఆరు బాక్సులు, రెండు బేసులు, ఒక జనరేటరు.
వంశధార గట్టున కాశీనగర్‌లో నా బతుకిది.
పెళ్ళికీ, ఊరేగింపుకీ, ఠాకురాణి యాత్రకీ
ఎవరి గుండె ఎంత అదరాలంటే అంత అదరగొడతాను.
నా బండి వీధి మలుపు తిరిగితే చాలు
మూడిళ్ళ అవతల చేటలో మిరపకాయలు
ఎగిరి కూచుంటాయంటుంది దమయంతి.
ఇన్నాళ్ళూ పొగడ్తే అనుకున్నాను.

మా గుంట లిపిక మూడో తరగతి.
బడిలో అంతా ఒడియా,
అక్షరం అక్షరానికీ ఒక గొడుగు.
నేను చదివిన తెలుగు బడికి
పంతులుగారు రిటైరైన ఏడే తాళం పడింది.
ఇప్పుడందులో జీడిపిక్కల బస్తాలు.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకుంది.
చెవిన పడ్డ తెలుగు మాటనల్లా
ఒడియా అక్షరాల్లో రాసి, పక్కన అర్థం.
చద్ది. కర్రు. ఇసక తిన్నె. గుమ్మడి వడియం.
నాన్నమ్మ నోటి ‘ముదనష్టం’ కూడా ఉంది,
ఎదురుగా ‘నాన్నమ్మకి కోపం’ అని.

మొన్న రాత్రి వైర్లు చుట్టుకుంటుంటే వచ్చింది.
“నాన్నా, దీనికి అర్థం ఏటి?”
కూడబలుక్కుని చదివాను.
గొడుగుల కింద బుద్ధిగా నిలబడి ఉంది
పెళ్ళిలో నేను నాలుగుసార్లు వేసిన పాటలోని మాట.

“ఎక్కడ విన్నావే?”
“నీ బాక్సులోనే. ఆ మాటకే కదా అందరూ ఈలేసినారు,
మంచిదే అయ్యుంటాదని రాసుకున్నాను.”

జనరేటరు ఆపేశాక
చెవిలో కాసేపు ఒక హోరు మిగుల్తుంది.
ఆ హోరులో అన్నాను,
“నాకు తెలీదమ్మా.”

రాత్రంతా తిట్టాను.
రాసినవాణ్ణి, పాడినవాణ్ణి, ఫోన్లని,
వందనోటు నా జేబులో కుక్కి
‘మళ్ళీ అదే’ అన్న పెళ్ళికొడుకు బావమరిదిని.
తిట్టాల్సినవాళ్ళు అయిపోయారు.
మీట నొక్కిన వేలు మిగిలింది,
దానికింకా ఇన్సులేషన్ టేపు జిగురు.

మా అమ్మ రోజుల్లో బూతు లేదని కాదు.
పందిట్లో ఆడవాళ్ళు వియ్యపురాలిని పాటల్తో ఏకిపారేస్తుంటే
మగాళ్ళు చుట్ట నెపాన లేచి పోయేవారు.
కాని మొదలెట్టేముందు ఒక ముసల్ది
“పిల్లలూ, అవతల బూరెలెడుతున్నారు, పోండ్రా” అని
మమ్మల్ని తోలేసేది.
బూరెలుండేవి కావు. అది వేరే సంగతి.
ఆ పాటకో గుమ్మం ఉండేది,
గుమ్మం దగ్గర ఒక మనిషి ఉండేది.

నా బాక్సుకి గుమ్మం లేదు.
ఉయ్యాల్లో ఉన్నవాడి చెవిదాకా
చెప్పులైనా విప్పకుండా పోతుంది.

పగలంతా ఒడియా వినే పిల్లకి
చీకటిపడ్డాక తెలుగు పంతులెవరు?
నేనే.
ఆరు బాక్సులు పెట్టి మరీ చెప్పాను పాఠం.

ఇవాళ గుణుపురం బుకింగు.
మెమరీ కార్డులోంచి ఆ పాట తీసేసే వెళ్ళాను.
ఒక కుర్రాడు తన ఫోను తెచ్చి వైరు గుచ్చాడు.
అడ్వాన్సు ఎప్పుడో తిన్నవాణ్ణి,
గుచ్చనిచ్చాను.
ఆ మాట వచ్చేచోట మాత్రం మైకు తీసుకుని
“వధూవరుల బంధువులు భోజనాలకి రావలెను” అన్నాను.
మొదటిసారి నవ్వారు.
రెండోసారి ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు.
మూడోసారి ఊరుకున్నాను.

ఇంటికొచ్చేసరికి రెండు దాటింది.
లిపిక నోటుబుక్కు మీదే చెయ్యేసి నిద్రపోయింది.
ఆ మాటకెదురుగా గుండ్రంగా, ఒద్దికగా రాసుంది
‘నాన్నకి తెలీదు.’

పెన్సిలు తీశాను.
ఒడియా చదవడం కొంచెం వచ్చు, రాయడం రాదు.
కింద తెలుగులోనే రాశాను, ‘గుమ్మం’ అని.
దానికి తెలుగు చదవడం రాదు.
పొద్దున్న లేచి అడుగుతుంది.