ఐసు కరిగేలోపు

మంగళవారం ఏడింటికల్లా
పెద జాలరిపేటలో కాసులమ్మ వసారాలో
ఆకుపచ్చ పట్టా మీద పదిమందిమి కూచోవాలి,
ముందు అయిదుగురు, వెనక అయిదుగురు.
ఫైనాన్సు కుర్రాడు హెల్మెట్ పక్కన పెట్టి
ప్రతిజ్ఞ చెప్పిస్తాడు:
కిస్తీ వేళకు కడతాను,
తోటి సభ్యురాలి కష్టానికి తోడుంటాను.
తోడు దగ్గరికొచ్చేసరికి
మా గొంతులు సన్నబడతాయి.

ఆ వేళ తొమ్మిదిమందిమే.
దానయ్యమ్మ కూచునే చోట
ఒక చేప పొలుసు మెరుస్తోంది,
కిందటి వారం ఆమె చీర నుంచి రాలిందేమో.

వేట తెరిచి పన్నెండు రోజులు.
అంతకు ముందు అరవై ఒక్క రోజులు
సముద్రానికి సెలవిచ్చారు,
మంగళవారానికి ఇవ్వలేదు.
వాళ్ళ బోటు ఇంజను ఇంకా మెకానిక్ దగ్గరే ఉంది.

"ఒకరు తగ్గినా ఎవరూ లేవకూడదమ్మా"
కుర్రాడు గట్టిగా అనలేదు.
వాళ్ళమ్మ కూడా పార్వతీపురంలో
ఇలాంటి పట్టా మీదే కూచుంటుందని
ఒకసారి టీ తాగుతూ చెప్పాడు.
గోడ మీద వాళ్ళ కంపెనీ క్యాలెండరు.
కుట్టుమిషను ముందు ఒకామె నవ్వుతోంది.
ఏ ఊరో ఆవిడది,
ఏ వారమో ఆవిడ కిస్తీ.

గుమ్మం బయట నా తట్టలో
ఎనిమిది కేజీల కానాగంతలు, పైన రెండు ఐసు గడ్డలు.
ఐసు కరగడం వినబడుతుంది, మీకు తెలుసా?
అల్లిక సందుల్లోంచి సిమెంటు మీదికి
చుక్క.
మళ్ళీ చుక్క.
లాసన్స్ బే మేడల్లో ఆడాళ్ళు
మొప్ప ఎత్తి చూస్తారు,
ఎరుపు తగ్గితే సగం ధర.
"ఒలప్పా, ఐసెల్లిపోతంది" అంది వెనకెవరో.

లేచాం. దానయ్యమ్మ ఇంటికి వెళ్ళాం.
ముందు నడిచింది ఎవరన్నది
చెప్పకుండా దాటెయ్యొచ్చు.
నేనే.

తలుపు మూసుంది, కింద సందులో
ఆమె పాదాలు కనబడుతున్నాయి,
ఎడమ కాలికి మట్టె లేదు.
తొమ్మిదిమందిమి తట్టలు దించి
ఆమె గడప కాడ కూచున్నాం.
పోలాయమ్మ తిట్టింది,
తిట్టి తిట్టి ఏడ్చింది.
నేను తిట్టలేదు, ఏడవలేదు,
తలుపు సందులోకే చూశాను.
అది తిట్టుకన్నా పెద్దదని ఇప్పుడనిపిస్తోంది.

చాలాసేపటికి తలుపు తీసింది.
చేతిలో కత్తిపీట.
మా మధ్యన పెట్టి
"ఇదొక్కటే ఉంది, అట్టుకుపోండి" అంది.

ఎవరూ ముట్టలేదు.
అప్పటికి ఎండ గోడ దిగి
మా తట్టలదాకా వచ్చింది.
కళ్ళు మసకబారిన చేపలు
ఇక ఏ మేడ మీదికీ పోవు.
దానయ్యమ్మే ముందు చూసింది అది.
తట్టలోంచి ఒక చేప తీసి మొప్ప నొక్కి
నా మొహం చూడకుండా
పీట మీద కూచుని కడుపు చీల్చింది.
"ఉప్పు తెండి. గళ్ళుప్పు."

పన్నెండయ్యేసరికి
ఆమె పెరటి వల మీద తొమ్మిది తట్టల చేపలు,
రెండుగా విచ్చి, ఆకాశం వైపు తెరుచుకుని.
రోజు బేరం పోయింది. ఎండుచేప బేరం
ఎప్పుడొస్తుందో సముద్రపు గాలి చెప్పాలి.

కిస్తీ ఆరొందల ఎనభై.
కొంగుల ముడులు విప్పి, డబ్బాలు దులిపి
తలా డెబ్బై అయిదు వేశాం,
అయిదు రూపాయలు తగ్గింది.
కుర్రాడు జేబులోంచి తీసి వేశాడు.
రసీదులో అది లేదు.

దానయ్యమ్మ ఇప్పటికీ నాతో మాట్లాడదు.
పట్టా మీద నా పక్కనే కూచుంటుంది,
ప్రతిజ్ఞలో తోడు దగ్గర
ఒక్క క్షణం ఆగుతుంది, నేనూ ఆగుతాను.
మొన్న మధ్యాహ్నం మబ్బు పట్టినప్పుడు
నేను హార్బరు నుంచి పరిగెత్తుకొచ్చేసరికి
నా ఎండుచేపలన్నీ ఎవరో ఎత్తి
గోనెపట్టా కింద సర్ది ఉంచారు,
తలలన్నీ ఒకే వైపు,
ఆమె సర్దే పద్ధతిలో.