పాదాల కాయితాలు

గుంటూరు దాటాక రైలుకట్ట అవతల
పెద్దరోగం ఆసుపత్రిలో చెప్పుల షెడ్డు నాది.
ముప్పయ్యొక్క ఏళ్ళు
నేల మీద తెల్లకాయితం పరిచి "నిలబడు" అన్నాను,
పెన్సిలు నిటారుగా పట్టి
పాదం చుట్టూ తిప్పాను.
నల్ల రబ్బరు, మెత్తటి అట్ట, వెనక పట్టీ.
మేకు వాడకూడదు.
మేకు దిగితే వాళ్ళకు తెలీదు,
గచ్చు మీద నెత్తురు చూసి నేను చెప్పాలి.

ఆఫీసులో పెద్ద రిజిస్టరు ఉండేది.
అందులో సగం పేర్లు అబద్ధాలు.
చెల్లెలికి సంబంధం కుదరాలని ఒకడు ఇంటిపేరు మార్చుకున్నాడు,
ఇంకొకాయన ఏకంగా ఊరే మార్చి
రేపల్లెను నరసరావుపేట చేశాడు.
ఇశ్రాయేలు అసలు పేరు నాకు తెలుసు. చెప్పను.
పేరైతే దాక్కుంటుంది.
పాదం ఎక్కడ దాక్కుంటుంది?

సుబ్బరత్తమ్మ మిరపకాయల తొడిమలు తీసే మనిషి.
యార్డు వెనక నలభైమంది ఆడవాళ్ళు
పొద్దుగూకేసరికి మజ్జిగలో చేతులు ముంచి
ఉఫ్ ఉఫ్ మని ఊదుకునేవాళ్ళు.
ఆమె ఊదుకోలేదు.
రెండేళ్ళు దాన్ని అదృష్టమనుకుంది,
కూలి ఎక్కువొస్తోందని ముక్కుపుడక చేయించుకుంది.
ముందు మేస్త్రి కనిపెట్టాడు.
మండని చెయ్యే ఆమెను పట్టుకొచ్చి
కట్ట ఇవతల దింపింది.

ఆమె మొదటి కాయితంలో అయిదు వేళ్ళూ ఉన్నాయి.
మూడోదాంట్లో చిటికెన వేలు లేదు.
ఏడోదాంట్లో నా పెన్సిలు
వంకలన్నీ మర్చిపోయి
తిన్నగా పోయింది.

నాకంటే ముందరి సంగతులు మస్తాన్‌బీ చెప్పేది.
శుక్రవారం శుక్రవారం నూనె సూదులట,
దిగినచోట పుండై నెల్లాళ్ళు కూర్చోలేకపోయేవాళ్ళట.
మగవార్డుకీ ఆడవార్డుకీ మధ్య గోడ,
గోడ మీద గాజుపెంకులు.
రాత్రుళ్ళు ఎలుకలొచ్చి వేళ్ళు కొరికినా
మెలకువ రాని నిద్ర కాబట్టి
మంచానికొక పిల్లి.
ఆమె తన పిల్లికి కలెక్టరని పేరు పెట్టింది.
రోజూ వచ్చి చూసిపోయే కలెక్టరు ఇదొక్కతే, అనేది.

తర్వాత మాత్రలొచ్చాయి. జబ్బు పోయింది.
"నయమైంది, ఇంటికెళ్ళు" అని
ఇశ్రాయేలుకి చీటీ రాసిచ్చారు.
పంచె ఉతుక్కుని, నా దగ్గర కొత్త జత కుట్టించుకుని పోయాడు.
ఎనిమిదో రోజు మధ్యాహ్నం
ఎప్పటి మంచం మీదే కూర్చుని ఉన్నాడు.
ఎవ్వరం ఏమీ అడగలేదు.
నేను చెప్పుల మడమలు తిప్పి చూశాను.
రానూపోనూ నడిచాడు.

పోయిన వేసవిలో ఒక ఆఫీసరు వచ్చాడు.
ఇక్కడ రోడ్డు పడుతుందట, మీకు వేరే జాగా ఇస్తాం,
ఎన్నేళ్ళుగా ఉంటున్నారో రుజువు కావాలన్నాడు.
రిజిస్టరు చెద తినేసి చాలా కాలమైంది.
చిన్న మిషను బల్ల మీద పెట్టి
"వేలిముద్ర వెయ్యమ్మా" అన్నాడు.
సుబ్బరత్తమ్మ కొంగుతో తుడుచుకుని మరీ
మొండిచెయ్యి ఆ అద్దం మీద మర్యాదగా ఆనించింది.
ఎర్ర దీపం.
ఇంకోసారి అన్నాడు. మళ్ళీ ఎర్ర దీపం.
"పండుమిరపకాయలా ఉందయ్యా" అని ఆమె నవ్వింది.
అతను నవ్వలేదు. చెమట తుడుచుకున్నాడు.

లోపలికెళ్ళి ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చాను.
మనిషికొక కట్ట, కట్టకొక పురికొస,
ప్రతి కాయితం మూలా తేదీ.
పోయినవాళ్ళవి కూడా పారెయ్యలేదు.
"ఇదిగో సార్, వీళ్ళు ఇక్కడే నిలబడ్డారు."

అతను నాలుగు తిరగేశాడు.
అయిదోది తిరగెయ్యలేక కింద పెట్టి
"ఇవి చెల్లవు" అన్నాడు, మెల్లగా.

కుర్రాడు, పాపం. కొత్త బూట్లు.
ఎడమది కరుస్తున్నట్టుంది,
బరువంతా కుడికాలి మీదే వేశాడు.
నొప్పి తెలుస్తోంది, అదృష్టవంతుడు.
"విప్పండి సార్" అన్నాను
కాయితం పరుస్తూ.