మా కప్పు మీద ప్రెజెస్

నా మంచానికి సరిగ్గా పైన
నాలుగు వందల లీటర్ల నీళ్లున్నాయి.
ఆ నీళ్లలో ఒక ఆకలి ఉంది.
సంగతి తెలిసిన రాత్రి నుంచీ
వెల్లకిలా పడుకోవడం మానేశాను.

మా ఊరి పేరుకి మా భాషలో పడవ అని అర్థం.
నది మాత్రం కనబడదు.
మిల్లుల కాలంలోనే నీళ్లని గొట్టాల్లోకి తోసి
పైన రోడ్లు పోశారు.
ఆ మిల్లుల్లో ముప్ఫై ఏళ్లు నేసి
ఎడమ చెవిని మగ్గం దగ్గరే వదిలేసి వచ్చినవాణ్ణి,
నీళ్ల గురించి నాకేం తెలుసు?

కప్పుకి పగులు కనబడింది నవంబరులో.
వెంట్రుకంత.
దాని కొసన పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను.
డిసెంబరులో గీత దాటింది.
మళ్లీ గీత, మళ్లీ తేదీ.
మూడో గీత నాడు
చొక్కా గుండీలన్నీ పెట్టుకుని మెట్లెక్కాను.

తలుపు తీసింది బోగ్న. రాత్రి ట్రాము నడుపుతుంది.
ఒంటి మీద యూనిఫాం, చేతిలో పట్టకారు,
పట్టకారు చివర మెలికలు తిరిగే వానపాము.
"ఒక్క నిమిషం జెనోన్ గారూ, వాడు చూస్తున్నాడు."

నిజంగానే చూస్తున్నాడు.
బొగ్గు ఒంటి మీద నిప్పు చారలు,
తోక మొదట్లో ఒక దొంగ కన్ను.
వానపాము నీటిని తాకిందో లేదో
పడుగులోంచి నాడె దూరినట్టు
ఆ కొస నుంచి ఈ కొసకి.
తర్వాత ఏమీ జరగనట్టు నా వైపు తిరిగాడు.

ఆస్కార్ చేప అట. ఆమె పెట్టిన పేరు ప్రెజెస్.
చైర్మన్ అని.
"డిపోలో మావాడూ ఇంతే,
నోరు తెరిచాడంటే ఎవరో ఒకరు మాయం."

అద్దె ఎగ్గొట్టిన కుర్రాడు వదిలిపోయాడట
దోసకాయ ఊరగాయ సీసాలో,
బొటనవేలంత పిల్లని.
జాలిపడి తన నియాన్ చేపల్లో కలిపింది.
పన్నెండు ఉండాలి. నెల తిరిగేసరికి పదకొండు.
ఇంకో వారానికి ఏడు.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టిందట.
ఆ తర్వాత లెక్క సులువైపోయింది.

"కోపం రాలేదా?"
"ఎవరి మీద? నోట్లో పట్టేదంతా వాడికి తిండే.
కలిపింది నేను."

ఒక్కసారి మాత్రం బతికున్న గోల్డ్‌ఫిష్‌ని కొనుక్కొచ్చి వేసింది.
తోక చాలాసేపు పెదాల బయటే ఉండిపోయిందట.
అక్కడ మాట ఆపి, పట్టకారుని మోచేతికి తుడుచుకుంది.
ఇప్పుడు వానపాములు, పొట్టు తీసిన రొయ్యలు,
గురువారం ఉపవాసం.
మూత మీద రెండు పాత ఇస్త్రీపెట్టెలు,
గెంతుతాడని.

జనవరిలో ఇద్దరం కలిసి తొట్టె ఖాళీ చేశాం,
దూలాలకి అడ్డంగా, లావు గోడ వారకి జరపడానికి.
ఎన్ని బకెట్లో. నా నడుము ఇంకా లెక్క చెబుతుంది.
ఆ పూట ప్రెజెస్ స్నానాల తొట్టెలో ఉన్నాడు,
అలిగి, ఒక పక్కకి ఒరిగి, చచ్చినవాడిలా.

నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.
ఆరేళ్లప్పుడు మా అమ్మ క్రిస్మస్ కోసం
కార్ప్ చేపని ఇలాగే ఉంచేది.
మూడు రోజులు రొట్టె ముక్కలు వేశాను.
పేరు కూడా పెట్టాను, ఇప్పుడు గుర్తులేదు.
పండగ రాత్రి అమ్మ వడ్డించింది.
ఏడవలేదు.
రెండో ముక్క అడిగి వేయించుకున్నాను.

ఈ మాట బోగ్నకి చెప్పలేదు.
వేళ్లు తడుపుకుని
నీళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో చూశాను, అంతే.
వాడు ఒక కన్ను ఇటు తిప్పాడు.

పగులు మూడో గీత దగ్గరే ఆగింది.
ఇప్పటికి ఆగింది.
గురువారం రాత్రుళ్లు
మంచి చెవి పైకి పెట్టుకుని పడుకుంటాను.
ఆకలేసి వాడు గులకరాళ్లు నోట కరిచి
అద్దానికేసి ఉమ్ముతుంటాడు.
టక్.
కాసేపాగి, టక్.