నలభై ఏడో వరస, నూట పన్నెండో గడి

జనవరిలో కొలుస్తాం బోర్లని,
మోటార్లు నిద్రపోయే నెల గనక.
గార్డెన్ సిటీ దాటాక మూడో మట్టిరోడ్డు.
గాలికి కారు తలుపు తెరుచుకోనంటుంది.
ఉక్కు టేపు చివర నీలం సుద్ద రాసి
బోరు గొంతులోకి వదులుతాను.
పైకి లాగాక సుద్ద ఎక్కడ తడిసి ముదిరిందో
నీళ్ళు అక్కడిదాకా.
ఇంత పెద్ద లెక్కకీ మూలం ఇంతే.

మిగతాదంతా ఆఫీసులో.
కాన్సస్ పడమటి చెక్కని మైలుకో గడిగా కోసి
వాన ఇంత, ఇంకేది ఇంత,
మనుషులు తోడేది ఇంత అని
ప్రతి గడికీ చెబుతాను.
నా నమూనాలో మనిషి ఒక మైనస్ గుర్తు.
మొక్కజొన్న ధర పెరిగితే ఎక్కువ తోడతాడు,
గ్యాసు ధర పెరిగితే తక్కువ.
అంతకు మించి బుద్ధులేం పెట్టలేదు అతనికి.

నదిని మాత్రం నీలంగానే గీశాను, అలవాటు కొద్దీ.
ఊళ్ళో వంతెన మీంచి చూస్తే
కింద ఇసుక, ఇసుకలో బైకుల చారలు,
ఎవరిదో ఒంటి చెప్పు.

గడులన్నీ చెప్పినట్టు వింటున్నాయి,
ఒక్కటి తప్ప.
దిగాల్సిన మట్టం దిగలేదక్కడ, మూడేళ్ళుగా.
మట్టి గుణం మార్చి చూశాను.
వాన పెంచి చూశాను.
అబద్ధమెందుకు, ఆ గడినే తీసేద్దామనీ చూశాను.

అది లవాన్ ష్రాగ్ గారి పొలం.
డెబ్బై దాటిన మనిషి, ఒంటి మీద మగవాళ్ళ కోటు,
నా టేపు చుట్ట పట్టుకుని నిలబడింది.
వాళ్ళాయన పుస్తకం తెచ్చి చూపించింది:
ఇరవై ఆరేళ్ళ పంపు గంటలు, పెన్సిల్ రాత.
చివరి మూడు పేజీల్లో రాత ఆమెది.
అన్నీ సున్నాలు.

"మీటరు పాడైందా?"
"లేదు. ఆగస్టులో ఓ రోజు పక్క పొలం రమోనా
గ్లాసు పెట్టి కుళాయి తిప్పితే
దగ్గిందట కుళాయి. గాలే వచ్చిందట.
ఆ రాత్రే వచ్చి కట్టేశాను.
ధర బాగానే పలికింది ఆ యేడు" అంది,
తన మీద తనే చాడీ చెబుతున్నట్టు.

ఆమె మిగిల్చిన నీళ్ళు భూమి లోపల
నాలుగు పక్కలకీ జారిపోతున్నాయని,
తోడేవాళ్ళ వైపే జారుతున్నాయని
నా సమీకరణమే చెప్పింది.
ఈమెకి చెప్పాలా వద్దా?
చెప్పాను.
"తెలుసు" అంది.
"ఆ పక్కల్లో రమోనా వైపు ఒకటి కదా."

టేపు చుట్టేశాను. రెండొందల పద్నాలుగు అడుగులు.
నిరుటికీ ఇప్పటికీ బెత్తెడు తేడా.

రాత్రి మోటెల్లో లాప్‌టాప్ తెరిచి
ఆ గడి పక్కన, కారణం అన్నచోట,
కుళాయి దగ్గింది అని టైపు చేశాను.
అంకె వెయ్యమంది.