ఏటైనాదే

మందుల షాపులో ఎనభై రూపాయలకి
ఒక గాయం కొనుక్కున్నాను.
గోధుమరంగు సాగే గుడ్డ, రెండు చిన్న ఇనప కొక్కేలు.
కాశీబుగ్గ బస్టాండు వెనక గోడవారకి నిలబడి
ఎడమ మణికట్టుకి చుట్టుకున్నాను.
కుడిచేత్తో పరీక్ష రాయాలి కదా.

పదో తరగతి, బి సెక్షన్. హాజరులో ముప్పై ఏడు నేను.
ముప్పై ఆరు దగ్గర మాష్టారికి దగ్గొస్తుంది,
దగ్గు తీరేసరికి ముప్పై ఎనిమిది.
లేవబోయి, మళ్ళీ సర్దుకుని కూర్చుంటాను.

ఆ రోజు మాత్రం
మొదటి బెంచీ లోహిత వెనక్కి తిరిగింది.
"అయ్యో, ఏటైనాదే?"
ఆ అయ్యో ఎంత మెత్తగా ఉందో,
ఇంటికెళ్ళేదాకా నోట్లోనే ఉంచుకున్నాను.
మెట్ల మీంచి పడ్డానన్నాను. మా ఇంటికి మెట్లు లేవు.
మధ్యాహ్నానికి అది సైకిలయింది,
సాయంత్రం ఆవు పొడిచింది.
మాష్టారు దగ్గకుండా నా నంబరు పిలిచి
"నొప్పిగా ఉందా?" అన్నారు.
ఉంది సార్, అన్నాను.
ఎక్కడ అని అడగలేదాయన.

నాలుగో రోజుకి అందరికీ పాతబడిపోయాను.
గుడ్డ మాసింది. కొక్కెం ఒకటి ఎక్కడో రాలిపోయింది.
లోపల చెయ్యి చెమటకి పాలిపోయి, ముడతలు పడి
నిజంగానే జబ్బుచేసినట్టు కనపడింది.

అమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిది.
జీడి తినేసిన వేళ్ళు, పదీ నలుపే.
రేషను డిపోలో వేలిముద్రల మిషను
మూడుసార్లు ఆమె ఎవరో తెలీదంటుంది.

ఆ రాత్రి నిద్ర నటిస్తున్నాను.
నా చెయ్యి ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది.
"ఏటైనాదే గుంటా,"
అడిగినట్టు లేదు, గొణుక్కున్నట్టుంది.
చుట్టు తరవాత చుట్టు విప్పింది.
మోచేతి నుంచి కిందికి ఒక్కో చోటా నొక్కి చూసింది
గరుకు వేళ్ళతో, చింతపండులో పురుగులు వెతికినట్టు.
ఏమీ లేదు.
కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను,
దెబ్బ ఎటునుంచి పడుతుందో తెలీక.

ఫ్యాను కిర్రుమంది చాలాసేపు.

అప్పుడు మళ్ళీ చుట్టడం మొదలెట్టింది,
నాకంటే పొందిగ్గా, బిగువు చూసుకుంటూ.
కొక్కెం లేనిచోట
తన గాజుకున్న పిన్నీసు తీసి గుచ్చింది,
మొన నాకు తగలకుండా బయటివైపుకి.

పొద్దున్న లేచేసరికి పనికెళ్ళిపోయింది.
ఆ పిన్నీసు ఇప్పటికీ నా దగ్గరుంది.
ఆమె ఎప్పుడూ అడగలేదు.
ఆ వేళ్ళ సంగతి
నేనూ అడగలేదు.